వలయాలు ఎందుకు వణికాయి?

"ఆగు! అక్కడే ఆగు, భూకంపం!"

ల్యాబ్ గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడిపోయాను. భూకంపం అంటే నేనే. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరినప్పుడు నాకు వేరే పేరుండేది. ప్రాజెక్టులో ఈ మహాతల్లి పార్ట్‌నర్‌గా తగిలాక అది కాస్తా పోయింది.

మా ప్రయోగం లేజర్‌తో. తెర మీద ఎర్రటి కాంతి వలయాలు పడతాయి. టేబుల్ వెంట్రుకవాసి కదిలినా అవి వణుకుతాయి. వణికితే ఆ రోజు కొలతలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

"చూడు, నువ్వు రాగానే ఎలా వణుకుతున్నాయో!" టేబుల్ ముందు కూర్చునే అరిచింది.

"బూట్లు బయటే విప్పేశాను కదా తల్లీ!"

"అయితే ఊపిరి బిగబట్టు."

బిగబట్టాను. ఇంకా ఎక్కువ వణికాయి. ఇంత తిట్టినా ఆ పిల్లంటే నాకు ప్రాణం. సిగ్గులేని మనసు, ఏం చెయ్యను?

ఆ సాయంత్రంలోగా నేనొక జవాబు చెప్పాలి. క్యాన్సర్ రోగులకిచ్చే రేడియేషన్ మోతాదు లెక్కగట్టే పనికి ఒక ఆసుపత్రివాళ్ళు పిలిచారు, శిక్షణ కూడా వాళ్ళదే. మా ప్రాజెక్టు గైడ్ మేడమ్ ఏమో ఇక్కడే పీహెచ్‌డీ చెయ్యమంటున్నారు. రెండూ నచ్చినవే. కానీ ఇక్కడుంటే, ఇక్కడే పీహెచ్‌డీలో చేరుతున్న ఈ పిల్ల కళ్ళెదుట ఉంటుంది.

"నేనిక్కడే ఉండిపోనా?" ధైర్యం చేసి అడిగాను.

"అమ్మో! ఇంకో ఐదేళ్ళు ఈ గోల నా వల్ల కాదు!"



అప్పుడే మేడమ్ వచ్చారు. ఫిర్యాదంతా విని, ఆమెను దూరంగా నిలబెట్టి, నన్ను టేబుల్ చుట్టూ నడవమన్నారు. నడిచాను. వలయాలు చెక్కుచెదరలేదు.

"ఇప్పుడు నువ్వొచ్చి కూర్చో అమ్మా."

కూర్చుంది. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. అంతే, వలయాలు గజగజ!

మేడమ్ వంగి టేబుల్ కిందకి చూశారు. "అమ్మాయ్, వణికేది నీ మోకాలు. టేబుల్ కాలికి ఆనించావ్. ఇతను ఎదురుపడగానే మొదలవుతోంది."

ఆమె గబుక్కున మోకాలు వెనక్కి లాక్కుంది. నాకు దిమ్మ తిరిగింది. మరి ఇన్నాళ్ళూ నేను తిన్న తిట్లు? మేడమ్ నవ్వాపుకుంటూ వెళ్ళిపోయారు.

"మా అమ్మ ఎప్పుడో కనిపెట్టింది," అంది చివరికి, నేల చూస్తూ.

"ఏమని?"

"రోజూ ఫోన్‌లో నిన్ను తిట్టిపోస్తుంటే, 'ఇంతకీ పెళ్ళెప్పుడే?' అంది. నేనే ఒప్పుకోలేదు."

నేల మీద నిలవలేకపోయాను. "అయితే ఆసుపత్రికి రానని చెప్పేస్తా!"

"వద్దు! వస్తానని చెప్పు."

మళ్ళీ పిడుగు! "అదేంటి? ఇష్టమేగా?"

"ఇష్టమే కాబట్టి చెప్తున్నా. నువ్వు ఎదురుగా ఉంటే నా పీహెచ్‌డీ ఈ జన్మలో పూర్తవ్వదు. పగలు నీ పని నీది, నా పని నాది. ఇంటికొచ్చాక ఎంతసేపైనా ఎదురుగా కూర్చో."

ఇంటికొచ్చాక! ఆ మాట అరిగేలోపే ఆమె తన ఫోన్ తీసి, "అమ్మా, నువ్వన్నదే నిజం. ఇదిగో, మాట్లాడు," అని నా చెవికి ఆనించేసింది.

"బాబూ, ఉద్యోగం ఎక్కడ?" అవతల నుంచి మొదటి ప్రశ్నే అది.



"ఆసుపత్రిలోనండీ, అత్తయ్యగారూ."