క్రిస్టినా వంతు

ఆ ఇంట్లో వినీలకి పడనిది ఒక్కటే. అత్తగారు కాదు. పాపం, సంపూర్ణమ్మ గారు చూపు తగ్గినా కబుర్లు తగ్గని మంచి మనిషి. వినీలకి పడనిది హాల్లో ఫ్రిజ్ మీద కూర్చున్న గుండ్రటి డబ్బా. పిలిస్తే పలుకుతుంది, చెబితే పని చేస్తుంది. దాన్ని కొన్నది క్రిస్టినా. 'మిత్ర' అని పేరు పెట్టింది క్రిస్టినా. ఇంట్లో ఏ గొంతు ఎవరిదో దానికి నేర్పిందీ క్రిస్టినాయే. ఆవిడ విజయ్ పాల్ మొదటి భార్య. ఊపిరితిత్తుల జబ్బుతో పోయి రెండేళ్ళయింది. వినీల మొగల్తూరు నుంచి రాజమండ్రికి రెండో భార్యగా వచ్చి నాలుగు నెలలు.

చనిపోయిన మనిషి మీద అసూయ పడకూడదని వినీలకి తెలుసు. తెలిసే పడింది. కడుపు మండేలా పడింది.

"మిత్రా, ఫ్యాను ఆపు" అని తను గొంతు చించుకుంటే, "క్షమించండి, అర్థం కాలేదు" అనేది డబ్బా. విజయ్ పాల్ పక్కగదిలోంచి గొణిగినా టక్కున ఆపేసేది. తొమ్మిదయ్యేసరికి "పాల్ గారూ, బీపీ మాత్ర" అని గుర్తు చేసేది. అదీ క్రిస్టినా పెట్టి వెళ్ళిందే. వినీల అయిదు నిమిషాల ముందే మాత్రా, నీళ్ళ గ్లాసూ పట్టుకుని నిలబడ్డా, డబ్బా చెప్పేదాకా ఆయన మింగేవాడు కాదు.

"దాన్ని తీసేద్దామండీ. ఇంట్లో మాట్లాడుకునేవన్నీ వింటుందంట" అంది ఓసారి.

"మనింట్లో వినడానికేముంది? ఉండనీ. అమ్మకి అలవాటు" అన్నాడాయన.

అంతకన్నా ఒళ్ళు మండే విషయం ఇంకొకటి ఉంది. సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థన. చాప మీద కూర్చుని వంతులవారీగా బైబిల్లోంచి తలా ఒక వచనం చదువుతారు. ముందు అత్తగారు కంఠతా వచ్చింది చెబుతుంది. తరవాత విజయ్ పాల్. ఆ తరవాతి వచనం ఎవరూ చదవరు. చదివితే ఎంతసేపు పడుతుందో అంతసేపూ తలలు వంచుకుని ఊరుకుంటారు. ఆ తరవాతే వినీల. కాపురానికి వచ్చిన కొత్తలో తెలియక చదవబోతే, అత్తగారు మోకాలి మీద చెయ్యి వేసి, "అది క్రిస్టినా వంతమ్మా. నీది తరవాతది" అంది మెత్తగా. ఆ మెత్తదనమే వినీలకి ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఆగస్టులో ఓ ఆదివారం. తలనొప్పని చెప్పి వినీల చర్చికి వెళ్ళలేదు. తల్లీకొడుకులు ఆటో ఎక్కి వెళ్ళారు. వాన కుండపోతగా పడుతోంది. పొద్దున్న పదిగంటలే అయినా హాల్లో సందె వేళలా ఉంది. వరద గోదారి బురద వాసన మేడమీదికి కూడా వచ్చేసింది.

తలనొప్పి అబద్ధమని వేరే చెప్పక్కర్లేదు. డబ్బా విన్న మాటలన్నీ దాంతో కలిపిన ట్యాబులో ఉంటాయని పక్క పోర్షన్ హర్షిత చెప్పింది. వారం కిందట వినీల కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి విజయ్ పాల్ డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు. ఈవిడని చూసి గతుక్కుమన్నాడు. అప్పటినుంచీ వినీలకి నిద్రలేదు.

బీరువా అడుగు అరలోంచి ట్యాబు తీసింది. మాటలన్నీ వరసగా ఉన్నాయి. పేరు, తేదీ, టైముతో సహా.

'మిత్రా, క్రిస్టినా మాటలు వినిపించు.'

విజయ్ పాల్ గొంతు. మంగళవారం ఒకసారి, శుక్రవారం రెండుసార్లు. వినీల గడప దాటిన ప్రతిసారీ. ఆయన విన్నవేంటో తనూ వింది. "మిత్రా, ఉల్లిపాయలు రాసుకో... కందిపప్పు అరకేజీ..." మధ్యలో చిన్న దగ్గు. చిన్న నవ్వు. అంతే.

ఉల్లిపాయలు! చచ్చిపోయిన పెళ్ళాం ఉల్లిపాయలు రాసుకోమంటే దొంగచాటుగా వింటున్నాడు. నాలుగు నెలలుగా తను ఎన్ని మాట్లాడింది? ఒక్కటైనా దాచుకున్నాడా? వినీలకి ఏడుపు తన్నుకొచ్చింది.

కళ్ళు తుడుచుకుని చూస్తే ఇంకో వరస కనబడింది. క్రిస్టినా. పోయిన ఆదివారం, పదీ ఇరవై. అంతకుముందు ఆదివారం, పదీ ఇరవై. ఆ ముందూ... అన్నీ ఇంటికి తాళం వేసి ముగ్గురూ చర్చిలో ఉన్న వేళలే.

పోయిన ఆదివారానిది నొక్కింది.

ముందు ఏమీ లేదు. తరవాత గిన్నె అంచుకి గరిట తగిలిన చప్పుడు. చిన్న దగ్గు. ఆపైన గుసగుస.

"మిత్రా... ఆవిడ వెళ్ళిందా?"

వినీల తలెత్తి గడియారం చూసింది. పదీ పద్దెనిమిది.

వంటింట్లోంచి నీలగిరి తైలం వాసన వచ్చింది. ఛాతీకి రాసుకునే తైలం. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ వాడరు.

ఇంకొకరైతే వానలోనే మెట్లు దిగి పరుగెత్తేవారు. వినీలలో భయం కన్నా ముందు అసూయ లేచింది. నా ఇంట్లో, నా వంటింట్లో! విసురుగా వెళ్ళి ఫ్రిజ్ ముందు నిలబడింది.

"మిత్రా! నీకు తెలిసిన గొంతుల్లో ఒకరిది తీసెయ్యి."

మొట్టమొదటిసారి డబ్బాకి ఆమె మాట అర్థమయింది. "సరేనండి. ఎవరి గొంతు తీసెయ్యమంటారు?"

వినీల నోరు తెరిచింది. అంతలో...

"వినీల" అంది వంటింట్లోంచి ఓ గొంతు. నెమ్మదిగా, ఏ కోపమూ లేకుండా.

"వినీల గారి గొంతు తీసేశాను" అంది డబ్బా.

వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి చల్లగా ఉంది. మేకుకి వేలాడే గరిట మాత్రం ఇంకా ఊగుతోంది. "మిత్రా! మిత్రా!" అని వినీల ఎంత అరిచినా డబ్బా లైటు వెలగలేదు. వైరు పీకి, దాన్ని బియ్యం డబ్బాలో కుక్కి మూత పెట్టేసింది.

మొగుడికి చెప్పలేదు. చెబితే ఆయన భయపడడు. సంతోషిస్తాడు. వచ్చే ఆదివారం చర్చి మానేసి మరీ వంటింట్లో కూర్చుంటాడు. వినీలని భయపెట్టింది అదే.

చర్చినుంచి రాగానే అత్తగారు "వినీల ఏదిరా?" అని రెండుసార్లు అడిగింది. "ఇక్కడే ఉన్నానత్తయ్యా" అని రెండుసార్లూ పలికింది. వాన హోరులో వినబడలేదు కాబోలనుకుంది.

సాయంత్రం ఏడయింది. చాప వేశారు. "డబ్బా చెడిపోయిందండీ" అని వినీల అంటే, విజయ్ పాల్ విన్నట్టే లేదు. డబ్బా లేని ఫ్రిజ్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

అత్తగారు తన వచనం చెప్పింది. విజయ్ పాల్ తనది చదివాడు. తలలు వంగాయి. మౌనం.

ఈ ఇల్లు ఎవరిదో ఇవాళ తేలిపోవాలనుకుంది వినీల. ఎవరూ చదవని ఆ వచనాన్ని గట్టిగా, ఒక్క అక్షరం వదలకుండా చదివింది.

సంపూర్ణమ్మ గారి ముఖం వెలిగిపోయింది. గాల్లోకి చేతులు చాచింది.

"క్రిస్టినా... ఎన్నాళ్ళకమ్మా!"

"నేనండీ అత్తయ్యా, వినీలని! ఏమండీ, మీరైనా చెప్పండి!"

విజయ్ పాల్ కళ్ళు తెరవలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. నాలుగు నెలలుగా వినీల ఏ గొంతు కోసం ఎదురుచూసిందో, ఆ గొంతుతో అన్నాడు.

"ఆపకు క్రిస్టీ. ఇంకోటి చదువు."

వినీల నోరు మూసుకుంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి గట్టిగా నొక్కుకుంది.

అయినా తరవాతి వచనం మొదలైంది. తాపీగా, ఒక్కో మాటే. మధ్యలో... చిన్న దగ్గు.