మనిషెత్తు స్టీలు గోళం

కరెంటు కనెక్షన్ లేని గదిలో శ్రీరామ్మూర్తి మాస్టారు కరెంటు షాక్ కొట్టి చచ్చిపోయాడు.

పోలీసులు గుండెపోటని రాసుకున్నారు. సీక్రెట్ ఏజెంట్ కామరాజు మాత్రం నమ్మలేదు. హైవోల్టేజ్ ప్రయోగాల పిచ్చి ఉన్న కుర్రాళ్ళకి లోహపు గోళాలు వెతికిపెట్టడం మాస్టారి సరదా. గేటు స్తంభం మీద బిగించే స్టీలు బంతి కానీ, అంచులు కలిపి అతికించిన రెండు గిన్నెలు కానీ దొరికితే వాళ్ళకి పండగే. ఎవరో మనిషెత్తు గోళం అడుగుతున్నారని మాస్టారు ఏజెన్సీకి ఫోన్ చేశాడు. మర్నాడే శవమయ్యాడు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. విదేశీ ముఠా పని. ఛార్జ్ నింపిన చిన్న గోళం ముట్టించి మాస్టారిని చంపారు. అమ్మోనియా ట్యాంకర్ పోర్టు ఛానెల్లో మలుపు తిరిగేటప్పుడు ఆ గోళం నుంచి మెరుపు పేలుస్తారు. ఓడ రాడార్, రేడియో చచ్చిపోతాయి. ఓడ రాళ్ళకి గుద్దుకుంటే గ్యాస్ ఫిషింగ్ హార్బర్ని కమ్మేస్తుంది.

తల్లి పోయాక కామరాజుని పెంచిన పెద్దక్క, అతని అప్ప గంగాలమ్మ అక్కడే చేపలమ్ముతుంది.

"గోళం నున్నగా ఉన్నంతసేపే ఛార్జ్ నిలుస్తుంది. సూదిమొన ఉన్నా కారిపోతుంది," అన్నాడు చీఫ్. "ముఠాలో మన ఏజెంట్ ఆశాజ్యోతి ఉంది. శుక్రవారం దాకా టైముందంటోంది. స్థావరం మాత్రం చెప్పడం లేదు."

గోళం చేసింది పాత టౌన్లో గిన్నెల పనివాడు అయూబ్. మాసిన గడ్డంతో కామరాజు అతని దగ్గర పాలిష్ పనికి కుదిరాడు. బుధవారం పొద్దున్నే గోళం బిగించడానికి పిలుపొచ్చింది. ఆ రోజు విశ్వకర్మ పూజ. ఎందుకైనా మంచిదని కామరాజు ఒక బంతిపూల దండ తనే గుచ్చి పట్టుకెళ్ళాడు.

హార్బర్ పక్కన మూతపడ్డ ఐస్ ప్లాంటు. గుమ్మంలోనే ఫోన్లు లాక్కున్నారు. లోపల పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో ఆశాజ్యోతి. ఫైల్లో చూసిన ముఖమే. పిస్టల్ పట్టుకున్న విదేశీ దొరతో ఆమె ఇంగ్లీషులో అంటోంది, ట్యాంకర్ ఇంకాసేపట్లో వస్తుందని. శుక్రవారం అబద్ధం. ఆమె అమ్ముడుపోయింది.

గోళం బిగించాక కామరాజు స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇస్వకర్మ పూజనాడు కొత్త మిషనుకి దండెయ్యకుండా స్విచ్చేత్తారేటమ్మా? నానొప్పుకోను."

అయూబ్ కూడా పానా కింద పెట్టేశాడు. దొర విసుక్కున్నాడు. ఆశాజ్యోతి నవ్వింది. ఆమె గాజువాక పిల్ల. వాళ్ళ నాన్న ఏటా లేత్ మిషనుకి బొట్టు పెట్టేవాడు. పూజ కాకపోతే పనివాళ్ళు కదలరని ఆమెకి తెలుసు. దండ అందుకుని, గోళానికి తన చేతులతోనే కట్టింది. ఆ పూలు గుచ్చింది రాగితీగకి. కత్తిరించిన కొసలు రేకుల మధ్య ముళ్ళలా నిక్కి ఉన్నాయి.

ట్యాంకర్ మలుపులోకి వచ్చింది. ఆమె స్విచ్ వేసింది. అందరి వెంట్రుకలూ లేచాయి.

స్స్... పూల మధ్య నీలి వెలుగు. అంతే. మీటరు ముల్లు సగం దాకా లేచి ఆగిపోయింది.

ఆమెకి అర్థమైంది. దండ పీకెయ్యబోయింది. ఆ మిగిలిన ఛార్జే ఆమెని అవతలికి విసిరేసింది. దొర పిస్టల్ ఎత్తాడు. అయూబ్ పానా అతని మణికట్టు మీద పడింది. కామరాజు మెయిన్ పీకేశాడు. బయట ట్యాంకర్ పెద్దగా హారన్ కొట్టుకుంటూ క్షేమంగా సాగిపోయింది.

గుమ్మం దగ్గర, లాక్కున్న ఫోన్ల కుప్పలో కామరాజు ఫోన్ మోగింది. అప్ప.

"అదేం కూతరా బావూ! ఆ ఓడ అరుపుకి బేరం సెడిపోనాది. పోర్టులో నీకెవులైనా తెలిత్తే గట్టిగా సెప్పు."

కామరాజు గోడకి చేరగిలబడి, ఆ తిట్లన్నీ తీరిగ్గా విన్నాడు.

"నాకెవులూ తెలీదప్పా," అన్నాడు.