ఐసు ఫ్యాక్టరీలో పుస్తక సమీక్ష

కళింగపట్నంలో సముద్రం వైపు వెళ్ళే దారిలో మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. పొద్దుగూకాక ఆ గోడ పక్కనుంచి వెళ్ళేవాళ్ళు నోరు మూసుకుని వెళతారు. అక్కడ ఏం మాట్లాడినా లోపల ఎవరో వింటారట. బండి మీద పోట్లాడుకుంటూ వచ్చే మొగుడూపెళ్ళాలు కూడా ఆ గోడ దాటేదాకా ఆపి, దాటాక ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే అందుకుంటారు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అలాగని ఆ దారిన వెళ్ళనూ లేదు. ఇదంతా అరుణశ్రీ చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

అరుణది శ్రీకాకుళం. ఎవరికి వాళ్ళు అచ్చేసుకున్న దెయ్యాల పుస్తకాలు చదివి, ఫోన్లో వీడియో తీసి పెట్టి ఏకిపారేయడం ఆమెకి సరదా. భయపెడితే అయిదు స్టార్లు, లేదంటే రెండు. ఇప్పటిదాకా అందరికీ రెండే.

ఈసారి వచ్చిన పుస్తకం కళింగపట్నంలో ఉండే ఆమె మేనత్త కొడుకు యుగంధర్‌ది. పేరు ‘ఐసుగదిలో ఆఖరి చేప’, అన్నీ ఆ ఫ్యాక్టరీ మీద అల్లిన కథలే. పాపం, ఊరంతా తిరిగి పంచాడు గానీ చివరిదాకా చదివినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళమ్మ కూడా మూడో పేజీలోనే నిద్రపోయింది. ఆ మాట చెబుతున్నప్పుడు అతని మొహం చూస్తే జాలేసిందట అరుణకి.

జాలేసినా రెండే అంది.

“ఫ్యాను కింద కూకుని బజ్జీలు తింటా సదివితే బయమెలాగొస్తాదే?” అన్నాడు యుగంధర్. “ఆ ఐసు ఫ్యాక్టరీలో కూకుని, ఆకరి కత పైకి సదువు. పరిగెట్టకుండా పూర్తి సేసినావంటే... ఈ జన్మలో మరి రాయను.”

“మాట మీదుంటావా బావా?”

“ఉంటాను. పరిగెట్టినావంటే మాత్రం అయిదు స్టార్లు.”

గొంతు వింటే వేళాకోళం కాదు. నిజంగానే మానేసేలా ఉన్నాడు.

చీకటి పడ్డాక ఇద్దరూ వెళ్ళారు. యుగంధర్ రోడ్డు మీద దాలయ్య టీకొట్టు దగ్గరే ఆగిపోయాడు. అంత పుస్తకం రాసినవాడు ఆ గుమ్మం ఏనాడూ తొక్కలేదు. అరుణ ఒక్కతే లోపలికెళ్ళి, చేపల పెట్టె ఒకటి బోర్లించుకుని కూర్చుని, ఫోన్ లైటులో చదవడం మొదలెట్టింది.

మొదటి పేరా అయింది. ఊపిరి తీసుకోడానికి ఆగింది —

“ఊ...”

లైటు తిప్పి చూసింది. నాచు పట్టిన గోడలు, తుప్పు పట్టిన ఐసు డబ్బాలు... ఎవరూ లేరు. బావే ఎవణ్ణో దాచి ఉంటాడనుకుని ఇంకో పేరా చదివింది.

“ఊ...”

ఈసారి కాస్త దగ్గర్నుంచి. పిల్లలు కథ వింటూ కొట్టే ఊ ఎలా ఉంటుందో, అచ్చం అలాగే.

తర్వాత కథలోకి చందమామ వచ్చింది. యుగంధర్‌కి చందమామంటే ప్రాణం. పేజీలకి పేజీలు వర్ణించాడు. మొదట్లో ఊ సన్నబడింది. ఆ తర్వాత ఆగిపోయింది. హమ్మయ్య, పోయిందనుకుంది అరుణ. అప్పుడు —

“ఆ సెందురుడి గోల ఒగ్గేసి... తరవాతేటయినాదో సెప్పు.”

చెవి పక్కనే... చల్లగా.

వీడియోలో తను చెప్పాలనుకున్న మాట కూడా అదే. అరుణకి వణుకూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. భయమంటే ఇలా ఉంటుందా, ఎంత బాగుందో అనుకుందట, పిచ్చి మనిషి. పారిపోతే పందెం పోతుంది. పళ్ళు బిగించి చందమామ పేజీలన్నీ తిప్పేసింది.

చదివింది... ఊ. చదివింది... ఊ. కథలో ఐసుగది తలుపు మూసుకుంది. చచ్చిన చేప కళ్ళు తెరిచింది. ఊ కొట్టేది ఊపిరి బిగబట్టింది — ఆ బిగబట్టడం అరుణకి వినిపించింది.

“అయిపోయింది,” అంది చివరికి. పందెం నెగ్గింది. ఇక లేచి బయటికి రావడమే.

చల్లటి చెయ్యొకటి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“అప్పుడే అయిపోనాదా?... ఇంకోటి సదువమ్మా.”

ఎలా బయటపడిందో ఆమెకే తెలీదు. టీకొట్టు దగ్గరికి ఒక కాలి చెప్పుతో వచ్చి పడింది. యుగంధర్ లేచి నిలబడ్డాడు.

“పూర్తి సేసీసావా?” అన్నాడు నీరసంగా.

“సేసాను. లోపల ఎవల్నెట్టావు బావా?”

“ఎవల్నీ ఎట్టనేదే.”

“నువ్వు లోపలికెళ్ళిన కాడినుంచి ఈ బాబు నా బల్ల మీదే ఉన్నాడమ్మా,” అన్నాడు దాలయ్య.

అరుణ జరిగిందంతా గుసగుసగా చెప్పింది. వింటున్నకొద్దీ యుగంధర్ మొహంలో రక్తం ఇంకిపోయింది.

“ఆకరిదాకా విన్నాదా?” అన్నాడు మెల్లగా.

“విన్నాది.”

“విని... ఇంకోటి అడిగినాదా?”

“అడిగినాది.”

యుగంధర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకుని, చొక్కా సర్దుకున్నాడు. అరుణ అతని చెయ్యి పట్టుకుంది.

“ఎల్లొద్దు బావా. అయిదు స్టార్లూ ఇచ్చేస్తాను.”

“నీ స్టార్లెవలిక్కావాలే,” అన్నాడు చెయ్యి విడిపించుకుంటూ. “మొదటి కత ఇంకా బాగుంటాది.”

పుస్తకం గుండెలకి హత్తుకుని రోడ్డు దాటి, ఐసు ఫ్యాక్టరీలోకి వెళ్ళిపోయాడు.