చీలిన ఫ్లేర్

డ్రైవర్ శవం సీట్లోనే దొరికింది. బెల్టు విప్పుకోబోయిన చెయ్యి బకిల్ మీదే బిగుసుకుపోయింది.

ప్రాక్టీసులో రెండో ల్యాప్. మలుపు తిరుగుతుండగా రేసు కారు వెనక నుంచి మంట లేచింది. ఫైర్ సిబ్బంది చేరేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

ఇన్‌స్పెక్టర్ చేతికి ఫ్యూయల్ పైపు వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు కనక మసిబారిందే తప్ప కరగలేదు. పైపు చివర గరాటులా విచ్చుకుని ఉంది. దాన్ని ఫ్లేర్ అంటారు. నట్టు బిగిస్తే అది ఎదుటి భాగానికి అతుక్కుని పెట్రోలు చుక్క కూడా బయటికి పోనివ్వదు.

ఈ ఫ్లేర్ చీలి ఉంది.

చీలింది, కారింది, అంటుకుంది, ఇంకేం కావాలన్నాడు వర్క్‌షాప్ ఓనర్. ఆ పైపులు చేసేది ముసలి మేస్త్రి ఒక్కడేనని కూడా తనే చెప్పాడు.

మేస్త్రికి కారణమూ ఉంది. నిరుడు అతని కొడుకు కారు కింద దూరి బోల్టు బిగిస్తుండగా, ఈ డ్రైవరే ఇంజన్ స్టార్ట్ చేసి ముందుకు ఉరికించాడు. తాగి ఉన్నాడని అందరికీ తెలుసు. ఎంక్వైరీలో తప్పు మాత్రం పోయినవాడి నెత్తినే పడింది. శవం ఎదురు చెప్పదు కదా.

కాలిన పైపు చూపించగానే, ఇన్‌స్పెక్టర్ గట్టిగా అడగకముందే మేస్త్రి ఒప్పేసుకున్నాడు.

"నేనే చేశాను. రాసుకోండి."

"ఎప్పుడు?"

"మొన్న సెలవు రోజున. షాపులో ఎవరూ లేరు."

"ఒక్కరేనా?"

"నాకు కడుపుకోత పెట్టినవాడికి నేనొక్కణ్ణి చాలనా? ఇంట్లో కోడలూ, నాలుగేళ్ల మనవరాలూ ఉన్నారు. వాళ్ల జోలికి మాత్రం రాకండి."

కేసు ముగిసినట్టే. కానీ అడక్కుండా వడ్డించిన కూడు ఇన్‌స్పెక్టర్‌కి ఎన్నడూ అరగలేదు.

మర్నాడు పొద్దున పది గంటలకి మేస్త్రిని వర్క్‌షాప్‌కే తీసుకొచ్చాడు. ఓనర్ వచ్చాడు. కారు బయల్దేరే ముందు నట్లన్నీ స్పానర్ పట్టి చూసే మెకానిక్ వచ్చాడు. ఆ రోజు ఒక్క నట్టు కూడా వెంట్రుకవాసైనా కదల్లేదని అతను ప్రమాణపూర్వకంగా చెబుతున్నాడు. మేస్త్రి కోడలు మామగారికి బట్టలు తెచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేసి ఆ ఇల్లు నెట్టుకొస్తున్నది ఆమే.

ఇన్‌స్పెక్టర్ ఒక కొత్త పైపు ముక్క అందించాడు. "ఆ రోజు ఎలా చేశారో అలాగే చేసి చూపించండి."

మేస్త్రి పైపు కోశాడు. ఆకురాయితో అంచు నునుపు చేశాడు. పైపుకి నట్టు తొడిగాడు. దాని వెంటే ఉంగరంలాంటి చిన్న స్లీవ్ తొడిగాడు. అప్పుడు ఫ్లేర్ చేసే టూల్ అందుకున్నాడు.

"ఆగండి. ఆ ఉంగరం దేనికి?"

"స్లీవండీ. ఫ్లేర్‌కి వెనక ఆసరా. అది లేకుండా ఎవడు బిగిస్తాడు?"

"కాలిన పైపుకి అది లేదు."

చంపడానికే కనక తీసేశానన్నాడు మేస్త్రి.

"మరి ఇప్పుడెందుకు తొడిగారు? చేతికి అబద్ధం అలవాటు లేదు, అందుకు. పోనీ, మీ టూల్ వాలు ఎన్ని డిగ్రీలు?"

"ముప్ఫై ఏడు."

"కాలిన ఫ్లేర్ కొలిస్తే నలభై అయిదు వచ్చింది. అందరం చీలికనే చూశాం. దాని వెనక ఏం లేదో చూడలేదు. స్లీవ్ ఊసే లేకుండా, నలభై అయిదులో ఫ్లేర్ చేసేదెవరు?"

మెకానిక్ ఆలోచించకుండా అనేశాడు.

"ఏసీ వాళ్లు సార్. రాగి పైపులకి."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అందరి చూపూ గుమ్మం వైపు తిరిగింది.

నట్టు వదులు చేస్తే మెకానిక్ పట్టేస్తాడని ఆమెకి తెలుసు. అందుకే ఇంట్లో ఉన్న షాపు తాళంచెవి తీసుకుని వచ్చి, మామగారి ఫ్లేర్ కోసేసి, తన టూల్‌తో కొత్తది చేసింది. మెత్తటి రాగి కోసం చేసిన టూల్ అది. స్టీలు వంచితే అంచు చీలుతుంది. ఆమెకి కావలసిందీ అదే. కోసినప్పుడు జారిపడిన స్లీవ్ మాత్రం ఆమె పనిలో ఎన్నడూ లేని వస్తువు. వెతకాలని కూడా తోచలేదు. కాలిన పైపు చూసిన క్షణమే మేస్త్రికి అది ఎవరి చేతిపనో తెలిసిపోయింది.

కోడలు బట్టల సంచి బల్ల మీద పెట్టింది.

"ఇంక చాలు మామయ్యా." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "వాడు కేకలు పెట్టాడా సార్?"

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"మా ఆయన పెట్టాడు. నేను విన్నాను." ఏడాది తర్వాత కడుపునిండా తిన్న మనిషిలా ఉంది.

"ఆ పగ నాదమ్మా," అన్నాడు మేస్త్రి. "కాటికి కాళ్లు చాచినవాణ్ణి. నాకొదిలెయ్యాల్సింది."

"మీరు ఏడాదిగా పళ్లు నూరుతూనే ఉన్నారు. నేను చూస్తూనే ఉన్నాను."

"పిల్ల అడిగితే ఏం చెప్పను?"

"వాళ్ల నాన్నని చంపినవాడు కాలి చచ్చాడని చెప్పండి."

"అది వాడి గురించి అడగదు తల్లీ. నువ్వెప్పుడొస్తావని అడుగుతుంది."

కానిస్టేబుల్ బేడీలు తీశాడు. చాచబోయిన ఆమె చేతులు సగంలో ఆగిపోయాయి.