ఏడో కుప్పలోని నిప్పు

కంబంలో దాగి, వేళ తప్పక వెలువడిన ధర్మపురి నరసింహా! దాగినదానిని కనిపెట్టే చూపును, ఒకరి కీర్తిని ఓర్చుకొనే మనసును మాకు ప్రసాదించి ఈ కథను నడిపించు స్వామీ.

కరీంనగర్‌లోని రహస్య కార్యాలయంలో చీఫ్ సుదర్శన్‌రావు ఫైలు మూశాడు.

"దేశానికి ఆపద వచ్చిననాడు పౌరులే వాలంటీర్లుగా కదలాలన్నది ప్రభుత్వ ప్రతిపాదన. రేపు ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో తొలి డ్రిల్. రెండు వందల మంది వస్తారు. విదేశీ ముఠా అక్కడ నిప్పు పెట్టనున్నది. ప్రాణాలూ పోతాయి, ప్రతిపాదనా బుట్టదాఖలవుతుంది. ఏజెంట్ కుమారస్వామీ, నీవు వాలంటీర్ వేషంలో, వారి నాయకురాలు తారాబాయి కింద పనిచేయాలి."

"తారాబాయి? ఏ బ్యాచ్ సార్?"

"పత్తి బ్యాచ్. ఇరవై ఏళ్లుగా ఆ మిల్లులో కూలీ."

కుమారస్వామి పద్దెనిమిదేళ్ల సర్వీసు గొంతులో ముల్లై గుచ్చుకొన్నది.

మరునాడు మిల్లులో ఎవరిని చూసినా "తారక్కా" అనే పిలుపే. చీఫ్ ఫోన్ చేసి మొదట అడిగినదీ ఆమె క్షేమమే. అతని చెవులు మండినవి. ఆమె చేతిలో ఇనుప చువ్వ. అతని జేబులో వేడిని చూపే థర్మల్ కెమెరా.

పట్టుచీరలో పత్తి కొనుగోలుదారుగా మధులిక దిగింది. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

"తేమ ఎంత?" అన్నాడతడు.

"ఎనిమిది శాతం." కోడ్ సరిపోయింది. ఆమె దగ్గరికి జరిగి నిట్టూర్చింది. "మీ అంతటివారు కూలీమనిషి కిందనా? నిప్పు బేళ్లు కట్టే ప్రెస్ హౌస్‌లో ఉంది. ఒక్కరే వెళ్లండి. పేరు మీకే దక్కాలి."

ఆ మాట తేనెలా దిగింది. అతడు రెండడుగులు వేశాడో లేదో, వెనుకనుంచి తారాబాయి కేక.

"సారూ, జర ఇటు రాండ్రి! గీ ఏడో కుప్ప లోపల మస్తు వేడున్నది."

కెమెరా చూపాడు. తెర నిండా నీలిరంగే. "చల్లగానే ఉంది. నా యంత్రం అబద్ధమాడదు."

"మీ యంత్రం పైపైన చూస్తది సారూ. పత్తి లోపలి వేడిని బయటికి రానియ్యది. చువ్వ గుచ్చి ఇప్పుడే తీసిన. పట్టి చూడుండ్రి."

కుప్ప పక్క షెడ్డులోనే రెండు వందల మంది బారులు తీరి కూర్చున్నారు. ఆమె మాట తప్పు అని అందరి ముందు తేల్చాలన్న పంతంతో అతడు చువ్వను పిడికిట పట్టాడు. అరచెయ్యి చుర్రుమన్నది. ఆ మంటలో సర్వీసు, పరువు, ప్రెస్ హౌస్ అన్నీ మరుపునకు వచ్చినవి.

"తారక్కా! ఎవలు తవ్వాలె, ఎవలు ఉరకాలె, జల్ది చెప్పు!" అని అరిచాడతడు.

ఆమె ఈల వేసింది. షెడ్డు ఖాళీ అయింది. ఇరవై మంది కుప్పను చీల్చారు. లోపలి మందు కాగుతున్న రేకు డబ్బా, దాని మీద గడియారం: ఇంకా నాలుగు సెకన్లే. తారాబాయి దానిని కొంగుతో పట్టి ఇసుక గుంతలోకి విసిరింది. భగ్గుమన్న మంట ఇసుకలోనే అణగిపోయింది.

గేటు దగ్గర మధులిక కారు హారన్ మోగుతున్నది.

"తియ్యి! నేను కొనుగోలుదారుని!"

"అయితేంది? తారక్క చెప్పలే, తియ్య," అన్నది కర్ర అడ్డం పెట్టిన వాలంటీర్ బాలవ్వ. డబుల్ ఏజెంట్ నిజంగా ఎవరి మనిషో ఆ గేటు దగ్గరే తేలిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్. "నిప్పును కనిపెట్టింది ఎవరు?"

కుమారస్వామి చెప్పాడు. "తారాబాయి, సార్."

"మరి నీవేం చేశావు?"

అతడు కట్టు కట్టిన అరచేతిని చూసుకొన్నాడు. "చువ్వ పట్టుకొన్నాను, సార్."

ఈ కథ విన్నవారి ఇంట నిప్పు పొయ్యిలోనే ఉండుగాక. ఎదుటివారి మెప్పు చూసినప్పుడు వారి కన్నులు చల్లగా ఉండుగాక.