మూడుకాళ్ళ రాయబారం

“మీరు అమ్మింది ట్రైపాడా, తాటిచెట్టా?”

షాపు షట్టరు సగం ఎత్తాడో లేదో, ముందు ఒక ట్రైపాడ్, దాని వెనకాలే ఒక అమ్మాయి లోపలికి దూసుకొచ్చారు.

కెమెరా షాపతను బాగా పొడగరి. ఆ మాట తననే అన్నదేమోనని ఒక్క క్షణం తడబడ్డాడు.

“గట్టిది కావాలని నిన్న మీరే కదండీ అడిగారు?”

“గట్టిదన్నాను, పొడుగుదనలేదు. దీని కాలు తగిలి మా నాన్న వంతెన కూలిపోయింది. దానిమీదున్న గూడ్సు బండి కూడా పడిపోయింది.”

అతని మొహం పాలిపోయింది. “అయ్యయ్యో! ఎవరికైనా దెబ్బలు...”

“డ్రైవరు తల ఊడింది. అంటించాను.”

కౌంటరు దగ్గరున్న అతని అక్క కిసుక్కున నవ్వింది. అవి బొమ్మ రైళ్ళని అప్పుడుగానీ అతనికి వెలగలేదు.

ఆ అమ్మాయి పళ్ళ డాక్టరు. వాళ్ళ నాన్న మేడమీద గదినిండా బల్లలు పరిచి, కొండలు, సొరంగాలు, స్టేషన్లతో బుల్లి రైల్వే కట్టుకున్నాడు. ఇప్పుడు వాళ్ళు ఇల్లు మారుతున్నారు. కొత్తింట్లో దానికి చోటు లేదు. విప్పేసేలోగా ఒక్క మంచి ఫొటో తీయించుకోవాలని ఆయన ఆశ. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ గోరంత మనిషికి వచ్చే రైలు ఎలా కనబడుతుందో, అలా ఉండాలట.

“చూడందే ఏది సరిపోతుందో చెప్పలేనండీ. ఇంటికి రానా?” అన్నాడతను.

“మావాడు ఇంతవరకూ ఏ కస్టమరింటి గడపా తొక్కలేదమ్మా,” అంది అక్క సీలింగు వైపు చూస్తూ.

ఆ సాయంత్రం అతను పట్టుకెళ్ళిన ట్రైపాడ్ కాళ్ళు ఎంత బార్లా చాపినా, కెమెరా స్టేషను కప్పు కంటే పైనే ఉంది. మర్నాడు తెచ్చినదానికి కెమెరాను తలకిందులుగా వేలాడదీయాలి. కెమెరా తెరమీద బొమ్మ ఎలా కనబడుతోందో చూడ్డానికి ఇద్దరూ ఒకేసారి మెడలు వంచారు. తలలు ఠంగుమన్నాయి.

“సారీ!”

“పళ్ళు బాగానే ఉన్నాయా?” అందామె నుదురు రుద్దుకుంటూ.

అతను పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

“ఇలా వేలాడితే కెమెరా నా కొండమీద పడుతుంది. తీసెయ్యండి,” అన్నాడు నాన్న.

ఆ మర్నాడు ఆమె కెమెరాకి బ్యాటరీ కొనడానికి షాపుకొచ్చింది. అద్దాల బీరువాలో అరచేయంత ట్రైపాడ్ ఒకటి బుద్ధిగా కూర్చుని ఉంది.

“ఇదెప్పుడొచ్చింది?”

“ఎప్పట్నుంచో ఇక్కడే ఉందమ్మా,” అంది అక్క. అన్నాక నాలిక కరుచుకుంది.

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. “రేపు మా నాన్న అదంతా విప్పేస్తున్నారు. మీకేమో ఆటగా ఉంది!”

బ్యాటరీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. వెనకాలే బ్యాటరీ, బుల్లి ట్రైపాడూ పట్టుకుని అతను పరుగెత్తాడు.

మేడమీది గదిలో దాన్ని నేరుగా బల్లమీదే, పట్టాల పక్కన పెట్టారు. ఒక చెట్టు అడ్డొచ్చింది.

“నా చెట్టు ముట్టుకుంటే ఊరుకోను,” అన్నాడు నాన్న.

“ఒక్క చెట్టే కదా నాన్నా. నొప్పి తెలీకుండా పీకుతా.”

పీకింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

రైలు దగ్గర్నుంచి దూరపు కొండ దాకా అంతా స్పష్టంగా రావాలంటే కెమెరా కన్ను బాగా సన్నగా చేసి, దాని షట్టరు చాలాసేపు తెరిచే ఉంచాలి. కిందేమో చెక్క నేల, అడుగేస్తే గదంతా అదురుతుంది. “ఎవరూ కదలకండి,” అని అతను బటన్ నొక్కాడు. ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు.

“చిన్నది ఉందని నాకు మొదట్నుంచీ తెలుసండీ,” అన్నాడతను గుసగుసగా. “అది ఇచ్చేస్తే మళ్ళీ రావడానికి వంక ఉండదని... తప్పే. కానీ మీరంటే నాకు చాలా ఇష్టం.”

ఆమె కళ్ళు మాత్రమే కదిలాయి. మధ్యలో నాన్న రాయిలా నిలబడి ఉన్నాడు.

క్లిక్.

తెరమీద రైలు ఎదురుగా వచ్చేస్తోంది. నాన్న చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“చెప్పడానికి ఇదా టైము?” అందామె.

“మీరు కదల్లేరు కదా, తిట్టినా కొట్టరని ధైర్యం.”

“ఇంకోటి తియ్యి బాబూ,” అన్నాడు నాన్న. “నువ్వు చెప్పాల్సింది చెప్పావు. మా అమ్మాయి వంతు కూడా వినాలి కదా!”

ఈసారి బటన్ ఆమే నొక్కింది. షట్టరు తెరుచుకుంది. చెక్క నేల కిర్రుమంటుండగా ఆమె తిన్నగా నడిచివచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

ఆ ఫొటో పూర్తిగా కదిలిపోయింది. నాన్న మాత్రం రెండూ పటం కట్టించమన్నాడు.