జివ్వు పిట్టకు ఎన్ని మార్కులు?

నూటికి పదకొండు.

పక్షుల లెక్కింపు ఆఫీసులో రెహానా ఆ అంకె చదివి, ఫోటోను తెర మీద పెద్దది చేసింది. నీటి ఒడ్డున కిక్కిస గడ్డి పొదలో ఒక పిట్ట. నిజానికి పిట్ట ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఒకటుంది. దాని గొంతు దగ్గర కళ్ళు చెదిరే తెలుపు.

"కలువలంక నుంచేనా?" అన్నాడు డాక్టర్ శశిభూషణ్, తల తిప్పకుండానే.

"అవును సార్. జలదుర్గమ్మగారు. ఈ వారంలో ఇది ఇరవయ్యోది. అన్నీ ఇలాగే అలుక్కుపోయాయి."

ఆ రోజుల్లో రాష్ట్రంలోని నీటిపక్షులన్నిటినీ ఫోటోల ద్వారానే లెక్కించేవారు. నూట నలభై సరస్సుల దగ్గర పరిశీలకులు ఉండేవారు. రోజుకు కొన్ని వేల ఫోటోలు వచ్చిపడేవి. వాటిని ఏరడం మనుషుల వల్ల కాక, శశిభూషణ్ ఆరేళ్ళు శ్రమపడి 'నిశిత' అనే యంత్రాన్ని తయారుచేశాడు.

నిశిత చూసేది రెండే విషయాలు. మొదటిది షార్ప్‌నెస్. పిట్ట కంట్లో నల్లగుడ్డు ఎక్కడ ముగుస్తుందో, దాని చుట్టూ ఉన్న రంగు ఎక్కడ మొదలవుతుందో ఆ అంచును పట్టుకుంటుంది. ఆ అంచు రెండు మూడు పిక్సెళ్ళలో తెగిందంటే ఫోటో స్పష్టంగా ఉన్నట్టు. ఇరవై పిక్సెళ్ళ దాకా సాగిందంటే చెయ్యి వణికినట్టు. రెండోది ఎక్స్‌పోజర్. తెల్లటి ఈకల్లో గీతలు కనబడాలి. వెలుతురు ఎక్కువై గీతలు మాయమైతే ఫోటో కాలిపోయినట్టే లెక్క. ఈ రెండూ కలిపి నిశిత మార్కులు వేస్తుంది. నలభై దాటని ఫోటో చెత్త ఫోల్డర్లోకి పోతుంది. అందులోని పిట్ట లెక్కలోకి రాదు.

ఇంకో నియమం కూడా ఉంది. ఒక పరిశీలకుడి సగటు మూడు సీజన్లు వరసగా నలభై దాటకపోతే, కెమెరా వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తారు. ఆ నియమం రాసింది కూడా శశిభూషణే. జలదుర్గమ్మకు మూడో సీజన్ సోమవారంతో ముగుస్తుంది.

శుక్రవారం ఆవిడ దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"సార్, నేను కలువలంక జలదుర్గనండి. మీ నిశితమ్మని ఒకసారి కంటి డాక్టరుకి చూపించండి. ముప్పై ఏళ్ళు వల విసిరిన చెయ్యి నాది. అది వణుకుద్దా? కెమెరా పట్టుకుపోతే పట్టుకుపోండి. కానీ ముందు ఒకసారొచ్చి నా పిట్టని చూసి, అప్పుడు పట్టుకుపోండి."

రెహానా నవ్వు ఆపుకోలేకపోయింది. శశిభూషణ్‌కు మాత్రం రోషం వచ్చింది. "రేపే వెళ్తాను. కెమెరా ఎలా పట్టుకోవాలో నేర్పించి వస్తాను," అన్నాడు.

శనివారం తెల్లారేసరికి అతను కలువలంక రేవులో ఉన్నాడు. జలదుర్గమ్మకు నలభై ఆరేళ్ళుంటాయి. చీర కొంగు నడుముకు బిగించి, కెమెరాను క్యారేజీ సంచిలో పెట్టుకుని, పడవలో నిలబడి ఎదురుచూస్తోంది. మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. తమ పేటలో అలాంటి కార్డు ఉన్న మనిషి తనొక్కతేనని దారిలో రెండుసార్లు చెప్పింది. పోగొట్టుకోవడం ఇష్టం లేదని మాత్రం చెప్పలేదు. శశిభూషణ్ అడగలేదు కూడా.

కిక్కిస పొదల దగ్గర రెండు గడలను బురదలోకి దించి, పడవను రెండు వైపులా కట్టేసింది. పడవ నేల మీద బల్లలా నిలబడిపోయింది.

"మాట్లాడకండి. కాసేపట్లో పళ్ళు జివ్వుమంటాయి. అదొచ్చినట్టే," అంది గుసగుసగా.

"పళ్ళా?"

"చెవికి అందదండీ దాని కూత. పళ్ళకే తెలుస్తుంది. అందుకే మావాళ్ళు జివ్వు పిట్ట అంటారు."

శశిభూషణ్ మర్యాదగా నవ్వాడు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఐస్ ముక్క కొరికినట్టు అతని కింది పన్ను జిల్లుమంది. అతను దవడ పట్టుకున్నాడు. ఆవిడ వేలితో చూపించింది. పది అడుగుల దూరంలో, ఒంటి కిక్కిస కాడ మీద, పిడికెడంత పిట్ట!

శశిభూషణ్ తన పెద్ద లెన్సు తీశాడు. ఊపిరి బిగబట్టి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, వరసగా ముప్పై ఫోటోలు తీశాడు. ఇరవై ఏళ్ళ అనుభవం అతనిది. పిట్ట ఎగిరిపోగానే వాటిని నిశితకు పంపాడు. జవాబు అర నిమిషంలో వచ్చింది.

జలదుర్గమ్మ మెడ చాచి చూసింది. "ఎంతొచ్చిందండీ?"

"తొమ్మిది."

"నాకన్నా రెండు తక్కువే," అంది ఆవిడ. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. పరీక్ష తప్పిన పిల్లవాడిని ఓదారుస్తున్నట్టుంది.

"పడవ కదిలి ఉంటుంది," అన్నాడతను.

"కదిల్తే కిక్కిస కూడా అలుక్కుపోవాలి కదండీ? చూడండి, ఆకు మీద చీమ కాళ్ళు ఎంచక్కా లెక్కెట్టుకోవచ్చు." ఆవిడ తెర మీద వేలు పెట్టింది. "వల లాగితే వలంతా కదులుద్ది సార్. ఒక్క కన్ను మాత్రమే కదిలిందంటే, అందులో చేప ఉన్నట్టు."

శశిభూషణ్ ఆ ఫోటోను చూస్తూ ఉండిపోయాడు. చీమ కాళ్ళు ఆరూ స్పష్టంగా ఉన్నాయి. ఆకు ఈనెలు ఉన్నాయి. ఈనె చివర మంచుబొట్టు ఉంది. పిట్ట ఒక్కటే మరక. ఇన్నేళ్ళుగా అతని యంత్రం పిట్ట కన్నే చూసింది. పిట్ట పక్కన ఉన్న ఆకును ఏనాడూ చూడలేదు.

"దుర్గమ్మగారూ," అన్నాడు మెల్లగా, "ఇది మనం తీసిన ఫోటో తప్పు కాదు. ఆ పిట్టే అలా ఉంది."

"మూడేళ్ళ నుంచి నేను చెప్పేది అదేనండి బాబూ!"

ఆ సాయంత్రమే రెహానా హైస్పీడ్ కెమెరాతో వచ్చింది. మర్నాడు ఉదయం అసలు సంగతి తేలింది. జివ్వు పిట్ట తన ఒళ్ళంతా సెకనుకు నూట అరవై సార్లు వణికిస్తుంది. ఆ వణుకే దాని కూత, చెవికి అందనంత మెల్లనిది. కాళ్ళు మాత్రం స్ప్రింగుల్లా ఆ వణుకును మింగేస్తాయి, కింద కాడ కదలదు. గొంతు ఈకలు అద్దం ముక్కల్లా వెలుతురును విసిరికొడతాయి. అందుకే అక్కడ ఎప్పుడూ తెల్లటి మంటే కనిపిస్తుంది. ఏ పక్షి పుస్తకంలోనూ ఇలాంటి పిట్ట లేదు.

"అయితే సార్," అంది రెహానా, కళ్ళు పెద్దవి చేసి, "ఇది మిగతా సరస్సుల్లో కూడా ఉండి ఉంటే? ప్రతి ఫోటోనీ మనమే..."

ఆమె వాక్యం పూర్తి కాకముందే ఇద్దరూ లాప్‌టాప్ మీద పడ్డారు. నిశితకు ఒకే ఒక్క కొత్త ప్రశ్న నేర్పించారు: అలుకు మొత్తం ఫోటోలో ఉందా, పిట్ట మీదే ఉందా? తరవాత చెత్త ఫోల్డర్లోని నాలుగు లక్షల ఫోటోలను దాని ముందు పోశారు. మధ్యాహ్నం భోజనాల వేళకు, జలదుర్గమ్మ వడ్డించిన కొర్రమీను పులుసు చల్లారిపోతుండగా, అంకె తేలింది. పందొమ్మిది సరస్సులు. పదమూడు వందల ఫోటోలు. అన్నిటిలోనూ అదే బూడిదరంగు మరక, గొంతు దగ్గర అదే మంట.

రెహానా కేక పెట్టింది. జలదుర్గమ్మ గరిటె చేత్తో పట్టుకునే గంతేసింది. శశిభూషణ్ లాప్‌టాప్ మూసి పక్కన పెట్టాడు. తరవాత లేచి, ఆవిడకు రెండు చేతులూ జోడించాడు.

"అదేంటండీ, కూచోండి, పులుసు పోసుకోండి ముందు," అంది ఆవిడ కంగారుగా.

సోమవారం ఆవిడ కెమెరా ఎవరూ పట్టుకుపోలేదు. పుస్తకాల్లో ఆ పక్షి పేరు 'జివ్వు పిట్ట' అనే ఎక్కింది. పందొమ్మిది సరస్సుల పరిశీలకులకూ అలుకును ఎలా చదవాలో నేర్పించే పని జలదుర్గమ్మకు అప్పగించారు. జివ్వు పిట్ట విషయంలో నిశిత నియమాలు మారాయి. కిక్కిస స్పష్టంగా ఉండి, పిట్ట ఎంత అలుక్కుపోతే అంత ఎక్కువ మార్కులు.

ఆ తరవాత జరిగినవి శశిభూషణ్ ఊహించనివి. జనం షార్ప్‌గా ఉన్న ఫోటోలు చూపించుకోవడం మానేశారు. "మా అలుకు చూశారా, తొంభై రెండు!" అనుకునేవారు ఫోటో క్లబ్బుల్లో. ఖరీదైన లెన్సులున్న పెద్దమనుషులు తమ పాత చెత్తంతా తవ్వి తీసి ఫ్రేములు కట్టించుకున్నారు. కాకినాడలో ఒకాయన కెమెరా స్టాండుకు గడ్డం గీసుకునే మెషీన్ కట్టి, మామూలు పిచ్చుకను ఫోటో తీసి పంపాడు. ఆకులు కూడా వణకడంతో దొరికిపోయాడు. ఇంకొకాయన పిట్టను మాత్రం కంప్యూటర్లో అలికి పంపాడు. ఇలాంటి మోసాలను పట్టుకోవడానికి శశిభూషణ్ నిశితను ఇంకా ఇంకా కఠినం చేస్తూ పోయాడు.

పై ఏడు మార్గశిరంలో అతను మళ్ళీ కలువలంక వచ్చాడు. ఈసారి పని మీద కాదు, సరదాగా. పొద్దున ఎనిమిదింటికి, నీరెండలో, జలదుర్గమ్మ పడవను ఆపి అతని భుజం తట్టింది.

జివ్వు పిట్ట. పళ్ళు జివ్వుమనడం లేదు. అది కాడ మీద ముద్దగా కూర్చుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను సగం తెరిచి, కునుకు తీస్తోంది. వణుకు లేదు. గొంతు మీద ప్రతి ఈకా, ప్రతి ఈకలో ప్రతి గీతా కనబడుతోంది. తెలుపు అనుకున్నది తెలుపే కాదు, లేత గులాబీ రంగు! ఆ పిట్టను అలా చూసిన మనిషి భూమ్మీద అంతవరకూ లేడు.

శశిభూషణ్ ఒకే ఒక్క ఫోటో తీశాడు. జీవితంలో అంత స్పష్టమైన ఫోటో అతను తీయలేదు. వెంటనే దాన్ని నిశితకు పంపాడు.

జవాబు వచ్చింది.

"సున్నా. ఇది జివ్వు పిట్ట కాదు. అలుకు లేదు. బొమ్మ అయి ఉండవచ్చు."

అతను ఆ అక్షరాలను రెండుసార్లు చదివి, ఫోన్ జలదుర్గమ్మకు అందించాడు. ఆవిడ చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పడవ చిన్నగా ఊగింది.

"లేపమంటారా సార్?" అంది గుసగుసగా.

శశిభూషణ్ పిట్ట వైపు చూశాడు. సగం తెరిచిన ఆ కన్ను కూడా మెల్లగా మూసుకుంటోంది.

"వద్దండీ," అన్నాడు, "పడుకోనివ్వండి."

పిట్ట లేవకుండా, ఇద్దరూ చప్పుడు రానివ్వకుండా, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు.